తొమ్మిదేళ్ల కెటిల్, దాని కింద దాగిన బిళ్ల

ఈ ఎలక్ట్రిక్ కెటిల్ మా వంటింట్లోకి వచ్చి తొమ్మిదేళ్లు దాటింది. లీటరున్నర పట్టే స్టీలుది, 1500 వాట్లు. రోజుకు నాలుగుసార్లు వేసుకున్నా ఇప్పటికి 13,000 సార్లు నీళ్లు కాచి ఉంటుంది. కొన్న వారానికే రాసే సమీక్షల్లో ‘త్వరగా కాగుతోంది, చూడ్డానికి బాగుంది’ అనే ఉంటుంది. కొత్తలో ఏ కెటిలైనా అంతే. దాని స్విచ్ ఎన్నేళ్లు మాట వింటుందన్న దగ్గరే అసలు తేడా తెలుస్తుంది.

ఇది నాకు పాత కెటిల్ నేర్పిన పాఠం. అది వేరే కంపెనీది. రెండో ఏడాదికే మూత వదులైంది. ఓ రోజు నీళ్లు పెట్టి ఫోన్లో పడ్డాను. వచ్చి చూస్తే లోపల చుక్క నీరు లేదు, అడుగు రంగు మారిపోయి ఉంది. నీళ్లు అయిపోతే కరెంటు ఆపేసే ఇంకో ఏర్పాటు అడుగున ఉంటుంది కాబట్టి గండం గడిచింది.

స్విచ్ పోయిందనుకుని విప్పాను. తీరా చూస్తే స్విచ్ బాగానే ఉంది. దాని పక్కన చొక్కా గుండీ కంటే కాస్త పెద్దదిగా, పల్చగా, కొంచెం ఉబ్బెత్తుగా ఒక లోహపు బిళ్ల కనిపించింది. ఊడదీసి, పట్టకారుతో పట్టుకుని, పొయ్యి మీద మరుగుతున్న గిన్నె ఆవిరికి చూపించాను. రెండు మూడు సెకన్లు ఏమీ కాలేదు. ఉన్నట్టుండి టక్‌మని ఎగిరినంత పనైంది. ఉబ్బు అటునుంచి ఇటు తిరిగిపోయింది. చల్లారాక మళ్లీ టక్. చిన్నపిల్లాడిలా పదిసార్లు అదే పని చేశాను.

రెండు లోహాలను అతికించి చేసిన బిళ్ల అది. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ. దాంతో వంగక తప్పదు. ఈ కిటుకు 18వ శతాబ్దంలో గడియారాలు చేసిన జాన్ హారిసన్‌ది. ఓడ సముద్రంలో ఎక్కడుందో తెలియాలంటే తప్పు చూపని గడియారం కావాలి. ఎండకీ చలికీ దాని నడక మారకుండా ఆయన రెండు లోహాల పట్టీని వాడాడు.

కెటిల్‌లో ఈ బిళ్ల నీళ్లలో ఉండదు. నీళ్లు మరిగాక ఆవిరి సన్నటి దారిగుండా వచ్చి దాన్ని తాకుతుంది. అప్పుడు బిళ్ల తిరగబడి స్విచ్‌ని పడగొడుతుంది. మూత తెరిచి ఉంచితే కెటిల్ ఆగదు, ఎందుకంటే ఆవిరంతా పైకే పోతుంది. నా పాతదానికి పట్టిన రోగం అదే. ఎత్తైన కొండల మీద నీళ్లు 100 డిగ్రీలకు ముందే మరుగుతాయి. అక్కడా కెటిల్ మామూలుగా ఆగుతుంది, దానికి కావాల్సింది ఆవిరి వేడే కాబట్టి.

ఇంత చిన్న బిళ్ల కెటిల్‌లోకి చేరడానికి చాలా కాలమే పట్టింది. కరెంటు కెటిళ్లు 1890ల్లోనే వచ్చాయి. బ్రిటన్‌లో క్రాంప్టన్ కంపెనీ చేసినదాంట్లో వేడెక్కే భాగం నీళ్లకు తగలకుండా అడుగున వేరే అరలో ఉండేది. కాగేసరికి తాతలు దిగొచ్చేవారు. 1920ల్లో బర్మింగ్‌హామ్‌లోని బల్పిట్ అండ్ సన్స్ వాళ్లు వేడెక్కే తీగను లోహపు గొట్టంలో మూసేసి నేరుగా నీళ్లలోనే ముంచారు. ఆ కెటిళ్లకు స్వాన్ అని పేరు. త్వరగా కాగడం మొదలైంది కానీ, పక్కన కాపలా తప్పలేదు. బిల్ రసెల్, పీటర్ హాబ్స్ 1952లో పెట్టిన రసెల్ హాబ్స్ కంపెనీ 1955లో కె1 తెచ్చింది. నీళ్లు మరిగితే దానంతటదే ఆగే కెటిల్ అది. ఆపింది ఆవిరి, రెండు లోహాల పట్టీ.

పెట్టె మీద ఉండే పేరు ఒకరిది, లోపల కరెంటు ఆపే భాగాన్ని తయారుచేసేది ఇంకొకరు. నా ఇప్పటి కెటిల్‌ని తిరగేస్తే అడుగున స్ట్రిక్స్ అని ఉంటుంది. ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న ద్వీపంలోని కంపెనీ. దాని మూలాలు ఎరిక్ టేలర్ దగ్గరున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లు వేసుకునే, కరెంటుతో వెచ్చబడే సూట్లకు థర్మోస్టాట్లు, అంటే వేడిని అదుపులో ఉంచే స్విచ్‌లు, చేసినాయన. కెటిల్‌ని స్టాండ్ మీద ఎటు తిప్పి పెట్టినా కరెంటు అందే ఏర్పాటు ఆయన కొడుకు జాన్ టేలర్‌ది. ఈ కొడుకే కేంబ్రిడ్జ్‌లో 2008లో మొదలైన ఒక పెద్ద గడియారం చేయించాడు, దాని నెత్తిన మిడత లాంటి పురుగు కూర్చుని క్షణాలు మింగుతుంటుంది. గడియారాలకు ‘మిడత’ అనే భాగాన్ని కనిపెట్టిన హారిసన్‌కి అది దండం. కెటిళ్లతో గడించినవాడు ఆ రెండు లోహాల పట్టీ పుట్టిన చోటికే తిరిగి వెళ్లాడన్నమాట. నాకు ఇందులో బాగా నచ్చిన ముచ్చట ఇదే.

సరే, నా కెటిల్ సంగతి. లీటరు నీళ్లు కొత్తలో నాలుగు నిమిషాల్లో కాగేవి, ఇప్పుడూ దాదాపు అంతే. సున్నపు పొర పడితే ఆలస్యమవుతుందని అంటారు గానీ, నేను గమనించింది రొద పెరగడమే. నెలకోసారి నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు వేసి మరిగించి అరగంట ఉంచితే పొర ఊడొస్తుంది. గీకొద్దు. మొదటి వారం ప్లాస్టిక్ వాసన వచ్చింది, నాలుగైదుసార్లు మరిగించి పారబోస్తే పోయింది. నీటి మట్టం చూపే కిటికీ మూడో ఏడాదికే మసకబారింది, అదొక్కటి నిజంగా చిరాకు.

స్విచ్ మాత్రం ఇప్పటికీ టక్‌మని పడుతోంది. ఆరో ఏడాది నుంచి మూత స్ప్రింగ్ మెత్తబడింది. పాత కథ గుర్తొచ్చి, మీట వేసే ముందు బొటనవేలితో మూతను ఒకసారి నొక్కి చూస్తాను.