ఫైన్ ఆర్ట్ ఫోటోగ్రఫీని ఫోన్‌లో కాదు, గోడ మీద, పుస్తకంలో చూడండి: బెంగళూరు నుంచి లాంగ్ యూజ్ రివ్యూ

నేను బెంగళూరులో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను, సొంతూరు హిందూపురం. ఫోటోల పనే కాబట్టి ఈ ఫైన్ ఆర్ట్ ఫోటోగ్రఫీ (పెళ్ళి, వార్త, ప్రకటన లాంటి పని కోసం కాకుండా ఫోటోగ్రాఫర్ తన ఆలోచన చెప్పడానికి కళగా తీసే ఫోటోలు) అంటే ఏంటి, ఎవరిని చూడాలి, ఎక్కడ చూడాలి అని మావాళ్ళు నన్నే అడుగుతుంటారు. ఇన్‌స్టా, మ్యూజియం, పుస్తకాలు, చెన్నై బినాలే (కొన్నేళ్ళకోసారి జరిగే పెద్ద ఫోటో ప్రదర్శన), కొన్నేళ్ళుగా అన్నీ వాడుతున్నా కాబట్టి ఏది ఎంతవరకు పనికొచ్చిందో రాస్తున్నా. నా లెక్క ఒక్కటే, ఒక్క ఫోటో చూస్తే ఫోటోగ్రాఫర్ అర్థం కారు, సిరీస్, అంటే ఒకే విషయం మీద తీసిన ఫోటోలన్నీ, ఆయన పెట్టిన వరసలోనే చూడాలి.

ఇన్‌స్టా పేర్లు తెలుసుకోవడానికి బాగుంటుంది, అంతే. జపాన్ ఫోటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో ఉన్నాడు కదా, 1970ల చివర్నుంచి సినిమా హాళ్ళు తీస్తున్నాడు, పెద్ద కెమెరా పెట్టి సినిమా మొదలవ్వగానే షట్టర్ తెరిచి శుభం కార్డు పడ్డాక మూస్తాడు, సినిమా మొత్తం ఒకే ఎక్స్‌పోజర్‌లో పడేసరికి తెర తెల్లగా వెలిగిపోతూ ఉంటుంది, ఆ వెలుగులోనే హాలు గోడల మీది నగిషీలు, కుర్చీల వరసలు కనిపిస్తాయి. మా ఆఫీసులో ఒక తమ్ముడికి ఫోన్‌లో చూపిస్తే "అన్నా, తెర మొత్తం బర్న్ అయిపోయింది కదా" అన్నాడు, అంటే వెలుగు ఎక్కువై ఏమీ కనిపించకుండా తెల్లబడిందని. వాడు అన్నదాంట్లో తప్పేం లేదు, ఆ సైజులో అంతే కనిపిస్తుంది. అదే పుస్తకంలో పేజీ తిప్పినప్పుడల్లా ఇంకో హాలు, అక్కడ కూడా అదే తెల్ల తెర, అలా పది పేజీలు పోయేసరికి "అయితే పాటలు ఫైట్లు ఏడుపులు అన్నీ కలిపితే ఈ తెలుపు వచ్చిందన్నమాట" అని వాడే నాకు చెప్పాడు.

మ్యూజియం అంటే ఇక్కడ కస్తూర్బా రోడ్‌లో ఉన్న మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ, అందరూ మ్యాప్ అంటారు. 2020 డిసెంబర్‌లో ముందు ఆన్‌లైన్‌లో మొదలై, 2023 ఫిబ్రవరిలో బిల్డింగ్ తెరిచారు. మొదట్లో పెట్టిన ఎగ్జిబిషన్లలో జ్యోతి భట్ గారి ఫోటోలు ఉన్నాయి, ఆయన బరోడా పెయింటర్, 1960ల చివర్నుంచి పల్లెలు తిరిగి ఆడవాళ్ళు గోడల మీద, వాకిళ్ళలో వేసే ముగ్గులు, బొమ్మలు తీశారు. ముగ్గు మర్నాటికి ఉండదు కాబట్టి ఆ పనిలో చాలా వాటికి ఇప్పుడు ఫోటో ఒక్కటే ఆధారం. అలాంటివి గోడ మీద నిలువెత్తున చూస్తే మనసు నిండిపోతుంది నిజంగా.

కొత్తగా వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఏ మ్యూజియంలో అయినా పాత ఫోటోల గదిలో లైటు బాగా తక్కువ ఉంటుంది, ఎక్కువ వెలుగు తగిలితే ప్రింట్లు వెలిసిపోతాయని మామూలుగా 50 లక్స్ (వెలుగు కొలత) దగ్గరే ఉంచుతారు, కాసేపు నిలబడితే కళ్ళు అలవాటు పడతాయి, తొందరపడి బయటికొచ్చేయకండి. ఇంకోటి, లేబుల్ చివరి లైన్ వదలకుండా చదవండి. జెలటిన్ సిల్వర్ అంటే డార్క్‌రూమ్‌లో కడిగిన ప్రింట్, ఆర్కైవల్ పిగ్మెంట్ అంటే పిగ్మెంట్ ఇంకుతో, ఎక్కువగా కాటన్ పేపర్ మీద తీసిన ఇంక్‌జెట్, ఈ రెండిట్లో నలుపు ఒకేలా ఉండదు, పక్కపక్కన చూస్తే మీకే తెలుస్తుంది.

మన బెంగళూరులోనే ఉండే ఆర్టిస్ట్ పుష్పమాల ఎన్. పని తప్పకుండా చూడండి. ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000 నుంచి 2004 దాకా చేసిన సిరీస్ ఒకటుంది, దక్షిణాది ఆడవాళ్ళని ఇన్నేళ్ళు బొమ్మల్లో ఎలా చూపించారో వాటినన్నిటినీ మళ్ళీ సెట్ వేసి తీశారు, రవివర్మ లక్ష్మి దగ్గర్నుంచి, బ్రిటిష్ వాళ్ళు మనుషుల్ని గళ్ళ బోర్డు ముందు నిలబెట్టి కొలతలు తీసిన ఫోటో దాకా, అన్నిట్లో ఉండేది తనే. ఒక్కటి చూస్తే ఫ్యాన్సీ డ్రెస్ అనిపించొచ్చు, వరసగా చూస్తే కోపం వస్తుంది, రావాలి కూడా. 2019 చెన్నై ఫోటో బినాలే క్యూరేట్ చేసింది, అంటే ఏవి పెట్టాలో ఎంచింది కూడా ఆవిడే.

ఫోటోగ్రాఫర్ గౌరీ గిల్ పని నాకు అన్నిటికన్నా ఇష్టం. మహారాష్ట్రలో జవ్హార్ దగ్గర పండక్కి దేవుళ్ళ, రాక్షసుల మాస్కులు కాగితం గుజ్జుతో చేసే కళాకారులు ఉన్నారు, వాళ్ళతో మామూలు మనుషుల ముఖాలు, జంతువులు, వస్తువుల మాస్కులు చేయించి, ఊళ్ళోవాళ్ళు అవి పెట్టుకుని రోజువారీ పనుల్లో ఉండగా తీశారు. 2015 నుంచి చేస్తున్న పని అది. అంతకుముందు 1999 నుంచి రాజస్థాన్ ఎడారి పల్లెల్లో తీస్తూ వచ్చిన సిరీస్‌కి 2023లో ప్రీ పిక్టే అవార్డు వచ్చింది. పెళ్ళిలో మాకు ఒక మనిషితో అయిదు నిమిషాలు దొరికితే గొప్ప, ఆవిడ ఇరవై ఏళ్ళకి పైగా అవే కుటుంబాల దగ్గరికి వెళ్తున్నారు, ఆ నమ్మకం ముఖాల్లో కనిపిస్తుంది.

పుస్తకాల విషయంలో నా మార్కులు పూర్తిగా ఫోటోగ్రాఫర్ దయానితా సింగ్‌కే. 2017లో జర్మనీ పబ్లిషర్ స్టైడల్ వేసిన మ్యూజియం భవన్ అనే పెట్టె ఉంది, లోపల తొమ్మిది చిన్న పుస్తకాలు, అన్నీ మడతలు మడతలుగా విప్పేవే, మిషన్లకి ఒకటి, మగవాళ్ళకి ఒకటి, ప్రింటింగ్ ప్రెస్‌లకి ఒకటి అలా. డైనింగ్ టేబుల్ మీద విప్పి నిలబెడితే ఇంట్లోనే ఎగ్జిబిషన్, ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకోటి. నేను వాడుతున్న కాపీ చాలా చేతులు మారింది, అయినా మడతల దగ్గర ప్రింట్ పగల్లేదు, మా ఫీల్డ్‌లో లామినేషన్ షీట్ మడతలో ఎలా పగులుతుందో తెలుసు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నా.

ఫోటోగ్రాఫర్ సోహ్రాబ్ హురా పుస్తకం, 2019లో వచ్చిన ది కోస్ట్, ఇంకో రకం. మన దేశ సముద్రతీరంలో తీసిన ఫోటోలు, ఘాటైన రంగులు, ఫ్లాష్. అందులో ఒకసారి చూసిన ఫోటో ఇంకో ఫోటో పక్కన మళ్ళీ వస్తుంది, అప్పుడు అర్థం మారిపోతుంది. స్ప్రెడ్‌లో, అంటే ఎదురెదురు రెండు పేజీల్లో, ఏ ఫోటో పక్కన ఏది పెట్టాలి అన్నది నా రోజువారీ పని, ఇది చూశాక ఎడమ పేజీ కుడి పేజీ గురించి నేను ఆలోచించే పద్ధతే మారింది. అయితే హింస, భయం ఉన్న ఫోటోలు, పిల్లలున్న ఇంట్లో చూసుకుని తియ్యండి.

ఇలాంటి పుస్తకాలు కొత్తవి వేలల్లో ఉంటాయి, అది నిజంగా ఇబ్బందే. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్స్ లాంటి చోట ఓపిగ్గా వెతికితే సెకండ్ హ్యాండ్‌లో ఫోటో బుక్స్ తగుల్తుంటాయి. డబ్బు అస్సలు పెట్టలేం అనుకుంటే మ్యాప్ అకాడమీ వాళ్ళ ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియా ఫ్రీ, ఒక్కో ఫోటోగ్రాఫర్ మీద చిన్న వ్యాసం చదివి అప్పుడు ఫోటోలు వెతకండి.

చెన్నై బినాలే 2016లో మొదలైంది, నాలుగోది 2024 డిసెంబర్ నుంచి 2025 మార్చి దాకా జరిగింది. ఊరంతా రకరకాల చోట్ల పెడతారు కాబట్టి బెంగళూరు నుంచి పొద్దున ట్రైన్‌కి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేద్దాం అనుకుంటే సగం కూడా చూడలేరు, ఒక రాత్రి ఉండేలా వెళ్ళండి, రెండు మూడు వేదికలు మాత్రమే పెట్టుకోండి.

ఒక్క లోటు మాత్రం నన్ను బాధపెడుతూనే ఉంది, వీళ్ళ గురించి తెలుగులో చదవడానికి దాదాపు ఏమీ దొరకదు. తెలుగు ఊళ్ళ మీద, మన అనంతపురం కరువు మీదో గోదారి లంకల మీదో, ఏళ్ళ తరబడి ఒకే చోట తీసిన సిరీస్ ఎవరిదైనా మీరు చూసుంటే పేరు చెప్పండి, చెన్నై అయినా హైదరాబాద్ అయినా వెళ్ళి చూస్తా.