జీవన్‌దాన్‌లో పేరు రాయించుకోవడం తేలికే, అసలు పని ఇంట్లో ఉంది

జీవన్‌దాన్‌లో డోనర్‌గా పేరు నమోదు చేసుకుందామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఇది ప్రభుత్వ అవయవదాన పథకం, 2013లో మొదలైంది, హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రి నుంచి నడుస్తుంది. వెబ్‌సైట్‌లో వివరాలు నింపి, ఏమేం ఇవ్వదలచుకున్నామో టిక్కు పెడితే డోనర్ కార్డు వస్తుంది. పైసా ఖర్చు లేదు. సర్వీసు వరకు నాకే ఫిర్యాదూ లేదు.

ఎందుకు చేసుకున్నానంటే, మనిషన్నవాడు ఇంకో మనిషికి పనికిరావాలి అన్నది నేను నిజంగా నమ్మే మాట. కానీ ఆఫీసు, ట్రాఫిక్, ఈఎంఐలు, తర్వాత చూద్దాంలే అనుకోవడం, ఇలాగే ఏళ్లు గడిచిపోతున్నాయి. ఎన్నాళ్లుంటామో ఎవరూ రాసివ్వలేదు కదా. నమ్మినదాన్ని ఏదో ఒక పనిలో పెట్టకపోతే అది మనతోపాటే కాలిపోతుంది.

2021 ఫిబ్రవరిలో మన మెట్రోలో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కి గుండెను తీసుకెళ్లడం గుర్తుందా? 21 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండా, అరగంటలోపే. బ్రెయిన్ డెడ్ అయిన, అంటే మెదడు ఇక తిరిగి రాకుండా పూర్తిగా ఆగిపోయిన, ఒక నల్గొండ జిల్లా రైతు గుండె అది. అందరూ రైలు గురించే మాట్లాడుకున్నారు గానీ నాకు ఆయన ఇంట్లోవాళ్లే గుర్తొస్తారు. అంత ఏడుపులో ‘సరే, తీసుకోండి’ అనడానికి ఎంత గుండె కావాలి!

ఎందుకంటే మీ కార్డు ఒక్కటే సరిపోదు. ఆ సమయంలో దగ్గరి బంధువులు సంతకం పెడితేనే అవయవాలు తీసుకుంటారు. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి వెంటిలేటర్ మీద ఉంటాడు, ఒళ్లు వెచ్చగా ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. నలుగురు డాక్టర్ల బృందం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే నిర్ధారిస్తారు. అయినా అలా పడుకున్న మనిషిని చూస్తూ పోయాడని ఏ తల్లి ఒప్పుకుంటుంది, ముందే కొడుకు నోటి నుంచి ఆ మాట వినకపోతే? నన్నడిగితే కార్డు మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ‘ఇంట్లో చెప్పారా?’ అని వేయాలి.

మా ఇంట్లో చెప్తే అమ్మ ‘శుభమా అని ఇవేం మాటల్రా’ అని లేచి వెళ్లిపోయింది. నానమ్మేమో కళ్లు ఇచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డివాడిగా పుడతావంది. ఈ భయం ఎంతమంది పెద్దవాళ్లలో ఉందో! నాన్న మాత్రం ‘కాళహస్తిలో కన్నప్ప కళ్లు పెరికి ఇస్తే శివుడు శపించాడా అమ్మా’ అన్నాడు. నానమ్మ ఏం మాట్లాడలేదు. కొన్నాళ్లకి తనే అడిగింది, శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు ఎవరికైనా పనికొస్తాయా అని. పనికొస్తాయి. బీపీ, షుగర్ ఉన్నా, కళ్లజోడు ఉన్నా ఇవ్వొచ్చు, ఎందుకంటే తీసుకునేవాళ్లకి కావాల్సింది కార్నియా, అంటే కంటి ముందు భాగంలో అద్దంలా ఉండే పొర. అమ్మ ఇంకా నా కార్డు వైపు చూడదు, కానీ వద్దని కూడా అనట్లేదు.

గుండె, కాలేయం లాంటివి ఇవ్వాలంటే దాదాపుగా ఆస్పత్రిలో బ్రెయిన్ డెడ్ అయితేనే కుదురుతుంది. కళ్లు అలా కాదు, ఇంట్లో మామూలుగా పోయినవాళ్లవి కూడా తీసుకుంటారు, అందుకే పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ ఇది తెలియాలి. 6 గంటల్లోపు తీసుకోవాలి కాబట్టి వెంటనే కళ్లు సేకరించే ఐ బ్యాంకుకి ఫోన్ చేయాలి, బంజారాహిల్స్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో కూడా ఐ బ్యాంకు ఉంది. వాళ్లొచ్చేలోపు రెప్పలు మూసి తడి దూది పెట్టండి, ఫ్యాన్ ఆపేయండి, తల కింద దిండు పెట్టండి. కళ్లు తీసుకున్నాక ముఖం వికారంగా ఏమీ అవ్వదు.

ఇంకొక మాట. పోయాక ఇచ్చేదానికి సంతకం పెట్టి, బతికుండగా ఇవ్వగలిగేది ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు, అందుకే రక్తం ఇవ్వడం కూడా మొదలుపెట్టా. ఆరోగ్యంగా ఉంటే మగవాళ్లు 3 నెలలకి, ఆడవాళ్లు 4 నెలలకి ఒకసారి ఇవ్వొచ్చు. తలసేమియా అనే రక్తం జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకి కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. కాలేజీలకి సెలవులిచ్చాక క్యాంపులు తగ్గి బ్లడ్ బ్యాంకుల్లో నిల్వలు పడిపోతాయి, కాబట్టి ఎండాకాలంలో వెళ్తే ఇంకా మంచిది.