ఇంటి కుట్టుమిషను: ఏడాదిన్నర వాడిన తర్వాత నా అభిప్రాయం

ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంటిపని అన్నీ చూసుకుంటూ కుట్టుపని కూడా చేయాలనుకునేవారికి సమయం ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది. చిన్నవాడు నిద్రపోయాక 40 నిమిషాలు, సెలవురోజు పొద్దున అందరూ లేవకముందు ఒక గంట, అంతే. అందుకే మిషను కొనాలనుకున్నప్పుడు అది ఎన్ని రకాల కుట్లు వేస్తుందనేది నేను పెద్దగా పట్టించుకోలేదు. బల్ల మీద పెట్టిన ఎన్ని నిమిషాలకు మొదటి కుట్టు పడుతుంది, మధ్యలో పిల్లలు పిలిస్తే పని చెడకుండా ఎంత సులువుగా వదిలి లేవగలను అనే రెండు ప్రశ్నలకే జవాబు వెతికాను. ఏడాదిన్నరగా వాడుతున్న ఈ మిషను మొదటి ప్రశ్నలో చాలావరకు, రెండో ప్రశ్నలో పూర్తిగా నెగ్గిందని చెప్పగలను.

ఇది మోటారుతో నడిచే, బల్ల మీద పెట్టుకునే రకం మిషను. బరువు సుమారు 6 కిలోలు ఉంటుంది కాబట్టి అలమారాలోంచి ఒక్కరే తీసి పెట్టుకోవచ్చు. బయటి తొడుగు ప్లాస్టిక్కే అయినా లోపలి చట్రం లోహంతో చేసినది. సాదా కుట్టు, జిగ్‌జాగ్, కాజా కలిపి 14 రకాల కుట్లు ఉన్నాయి. కింది దారం చుట్టి ఉండే చిన్న చక్రాన్ని, అంటే బాబిన్‌ను, పక్కనుంచి కాకుండా పైనుంచి పెట్టే ఏర్పాటు ఉంది. ఇదే అమరికతో చాలా కంపెనీలు మిషన్లు చేస్తున్నందువల్ల పేరు చెప్పడం లేదు. ఇలాంటి మిషను ఏది చూస్తున్నవారికైనా నా అనుభవం ఉపయోగపడుతుందనే నమ్మకంతో రాస్తున్నాను.

దీనికి ముందు, అరచేతిలో ఇమిడే బ్యాటరీ మిషను ఒకటి కొని పొరపాటు చేశాను. అది ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తుంది. చివర ముడి సరిగా పడకపోతే కొస పట్టి లాగగానే వరుస మొత్తం ఊడి వస్తుంది. కర్టెన్ అంచు అలా రెండుసార్లు నా కళ్ళముందే ఊడిపోయింది. బల్ల మీద పెట్టే మిషను వేసేది రెండు దారాల కుట్టు. సూది మొనకే బెజ్జం ఉండి పైదారాన్ని కిందికి తీసుకెళుతుంది, కింద ఉన్న కొక్కెం ఆ దారపు ఉచ్చును పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది, రెండు దారాలూ బట్ట మందంలో ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. ఎలియాస్ హోవ్ 1846లో అమెరికాలో పేటెంటు పొందిన యంత్రంలోనూ మొన దగ్గర బెజ్జమున్న సూది, రెండు దారాలు, ఈ పెనవేత ఉన్నాయి. పిల్లల బట్టలు ఎన్ని ఉతుకులకైనా నిలవాలంటే ఈ కుట్టే కావాలి. తక్కువ ధరకు వస్తుందని చేతి మిషను వైపు చూసేవారికి అది వద్దనే గట్టిగా చెబుతాను.

మొదటి వారం నన్ను బాగా విసిగించిన సమస్య ఒకటుంది. పైన కుట్టు చక్కగా కనిపిస్తుంది, బట్ట తిప్పి చూస్తే కింద దారం పిచ్చుక గూడులా చిక్కుపడి ఉంటుంది. కింద కనిపించే చిక్కు కాబట్టి బాబినే కారణమనుకుని పదేపదే దాన్ని తీసి పెట్టాను, దారం బిగువును సవరించే టెన్షన్ చక్రం అటూ ఇటూ తిప్పాను. అసలు కారణం పైదారం. బట్టను నొక్కిపట్టే ప్రెజర్ ఫుట్ దించి ఉన్నప్పుడు, పైదారాన్ని బిగించే టెన్షన్ బిళ్ళలు బిగుసుకుని ఉంటాయి, అప్పుడు దారం ఎక్కిస్తే అది వాటి మధ్యకు దిగకుండా పైపైనే ఉండిపోతుంది. పట్టు లేని దారం కావలసినదానికన్నా ఎక్కువగా కిందికి జారి గూడు కడుతుంది. ఫుట్ పైకెత్తి దారం ఎక్కించి, ఆ తర్వాత దించి కొద్దిగా లాగి చూడాలి. చేతికి గట్టిగా తగిలితే దారం సరిగా పడినట్టు. మిషనుతో వచ్చిన పుస్తకంలో ఈ మాట ఉంది, కానీ బొమ్మ కింద కనిపించీ కనిపించని అక్షరాల్లో ఒక్క వాక్యంగా ఉంది. కొత్తవారికి అన్నిటికన్నా ముందు చెప్పవలసిన విషయాన్ని అలా మూలకు నెట్టడం నాకు నచ్చలేదు.

బాబిన్ పైనుంచి పెట్టే పద్ధతి మాత్రం నావంటివారి కోసమే చేసినట్టుంది. మూత పారదర్శకంగా ఉండడం వల్ల ఎంత దారం మిగిలిందో కుడుతూనే కనిపిస్తుంది. పాత తరహా బాబిన్ కేసులో ఆ వీలు లేదు. దారం అయిపోయిన సంగతి తెలియక మూరెడు మేర ఉత్త సూదితో పొడుచుకుంటూ పోవడం, దొరికిన అరగంటలో పది నిమిషాలు అలా పోవడం ఎంత బాధగా ఉంటుందో కుట్టేవారికి తెలుసు. నేను తెలుపు, నలుపు, బూడిదరంగు దారాలతో రెండేసి బాబిన్లు ముందే చుట్టి డబ్బాలో ఉంచుకుంటాను. అన్నీ సిద్ధంగా ఉంటే మిషను తీసి, ప్లగ్గు పెట్టి, దారం ఎక్కించి మొదటి కుట్టు వేయడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. వదిలి లేవడం ఇంకా సులువు. సూదిని బట్టలోకి దింపి, స్విచ్చి ఆపి వెళ్ళిపోతే, గంట తర్వాత వచ్చినా బట్ట ఆ గీత మీదే, అంగుళమైనా జరగకుండా ఉంటుంది.

ఇంతకాలంలో దీని మీద దిండు గలీబులు, కర్టెన్లు, పెన్సిల్ సంచులు, పాపకు మూడు గౌన్లు, రెండు బట్ట బొమ్మలు కుట్టాను. కొత్తగా మొదలుపెట్టేవారికి దిండు గలీబును మించిన పని లేదు. జిప్పూ గుండీలూ లేకుండా వెనక ఒకదానిమీద ఒకటి పడే మడతలతో కుడితే, 40 సెంటీమీటర్ల చదరపు దిండుకు 42 సెంటీమీటర్ల వెడల్పు, ఒక మీటరు పొడవున్న ఒకే ముక్క సరిపోతుంది. పొట్టి అంచులు రెండూ రెండేసి సెంటీమీటర్లు మడిచి కుట్టి, మంచివైపు లోపలికి ఉండేలా మడతపెట్టి, రెండు పక్కలా ఒక్కో సెంటీమీటరు వదిలి కుట్టి తిప్పితే అయిపోతుంది. బట్టను ముందే ఉతికి ఆరేసి ఇస్త్రీ చేయడం తప్పనిసరి. నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, కుట్టాక కుంచించుకుపోతే గలీబు దిండుకు పట్టదు. కోత ఒక రాత్రి, కుట్టు మరో రాత్రి పెట్టుకుంటే తొందర ఉండదు.

అయితే నేను ఈ మిషనుకు ఎక్కువగా రుణపడింది కొత్తవాటికి కాదు, మోకాళ్ళ దగ్గర చిరిగిన పిల్లల ప్యాంట్లకు. చిన్న ప్యాంటు కాలు ఎంత సన్నగా ఉంటుందంటే, మిషను ముందుభాగపు బల్ల ఊడదీసినా మిగిలే సన్నని చేతి మీదికి అది ఎక్కదు. దీనికి నేను కనిపెట్టుకున్న దారి ఏమిటంటే, మోకాలి పక్కన ఉన్న కుట్టును జానెడు మేర విప్పేయడం. అప్పుడు ఆ భాగం బల్లపరుపుగా పరుచుకుంటుంది. చిరుగుకన్నా రెండు వేళ్ళు పెద్దదైన ముక్కను లోపలివైపు పెట్టి, గుండుసూదులు గుచ్చి, చుట్టూ జిగ్‌జాగ్ వేసి, చిరిగిన చోట కుట్టును ముందుకూ వెనక్కూ నడిపించి, చివర విప్పిన పక్కకుట్టు మళ్ళీ వేసేస్తాను. ఒక మాసిక అరగంట పని. అలా వేసిన ఐదు ప్యాంట్లలో నాలుగు పిల్లలకు పొట్టి అయ్యేవరకు నిలిచాయి.

జీన్స్ కాలి అంచు మడిచి కుట్టేటప్పుడు మాత్రం మిషను శక్తి ఎంతో తెలిసిపోతుంది. పక్కకుట్టు వచ్చే చోట బట్ట ఆరేడు పొరలవుతుంది. ఆ గడ్డ ఎక్కేముందు ఫుట్ ముక్కు పైకి లేస్తుంది, బట్టను ముందుకు జరిపే కింది పళ్ళకు బట్ట అందదు, కుట్లు ఒకేచోట పడి మోటారు మూలుగుతుంది. ఫుట్ వెనకవైపు అంతే మందంలో మడిచిన గుడ్డముక్కను పెడితే అది సమంగా ఆనుతుంది. అక్కడి నుంచి చేతి చక్రం తిప్పుతూ ఒక్కో కుట్టూ వేసుకోవాలి. 16 నంబరు సూది కూడా ఉండాలి. మిషనుతో వచ్చిన 14 నంబరు సూదులు రెండు అలాంటి చోటే విరిగాయి. పలచని నూలు బట్టకు 11, మామూలు బట్టకు 14, జీన్స్‌కు 16 అని గుర్తుపెట్టుకుంటే చాలు. కొనేటప్పుడు సూది పైభాగం ఒకవైపు చదునుగా ఉందో లేదో చూడాలి. పూర్తి గుండ్రంగా ఉండేవి ఫ్యాక్టరీ మిషన్లకు, ఇందులో కుదరవు.

టీషర్టు బట్ట విషయంలో తప్పు నాదే. మామూలు సూదితో కుట్టి, కుట్లు అక్కడక్కడా పడకుండా దాటిపోతున్నాయని మిషనును తప్పుబట్టాను. అల్లిక బట్టకు గుండ్రని మొన ఉన్న సూది వాడాలి, అది పోగును పొడవకుండా పక్కకు జరిపి దిగుతుంది. సాదా కుట్టు బదులు సన్నని జిగ్‌జాగ్ వేయాలి. లేకపోతే తలలోంచి దూర్చేటప్పుడు బట్ట సాగుతుంది, దారం సాగదు, పటుక్కున తెగుతుంది.

కాజా నాలుగు దశల్లో వేసే ఏర్పాటు. చక్రాన్ని నాలుగుసార్లు తిప్పుతూ ఒక్కో వైపూ మనమే కొలిచి ఆపాలి. ఎడమ వరుస దట్టంగా, కుడి వరుస పలచగా వస్తోంది. ఎంత సవరించినా రెండూ సమానంగా రాలేదు. పాప గౌనుకు వేసిన ఐదు కాజాల్లో రెండు విప్పి చేత్తో కుట్టాను. గుండీలు ఎక్కువగా కుట్టేవారు ఒకే దశలో కాజా వేసే రకాన్ని తీసుకోవడం మంచిది.

మరికొన్ని లోపాలు ఉన్నాయి. కాలితో నొక్కే పెడల్ నున్నని నేల మీద జారిపోతుంది. కింద రబ్బరు చాప ముక్క వేశాక కుదురుకుంది. వేగాన్ని పరిమితం చేసే మీట లేదు, పెడల్ కాస్త గట్టిగా నొక్కితే ఒక్కసారిగా పరుగెత్తుతుంది. దీపం వెలుగు సూదికి ఎడమవైపే పడుతుంది కాబట్టి రాత్రిపూట నల్లబట్ట మీద నల్లదారం కనిపించదు, బల్లదీపం వేరే పెట్టుకోవాలి. చప్పుడు నేను భయపడినంత లేదు. నాలుగు మడతలు పెట్టిన మందపాటి తువ్వాలు మీద పెడితే పక్కగదిలో పిల్లలు నిద్రలేవడం లేదు.

పిల్లలున్న ఇంట్లో మిషను వాడేవారికి జాగ్రత్తలు కూడా చెప్పాలి. లేచి వెళ్ళేటప్పుడు, అది ఒక్క నిమిషానికైనా సరే, స్విచ్చి ఆపి, పెడల్ బల్ల మీద పెట్టి వెళతాను. నేల మీద ఉన్న పెడల్ పిల్లల కాలికి ఆటవస్తువు, అటువైపు సూది కింద ఎవరి వేలున్నా అది ఆగదు. గుండుసూదులు లెక్కపెట్టి తీసి లెక్కపెట్టి దాస్తాను. ఎనిమిదేళ్ళ పాపకు పెడల్ ఇవ్వను, చేతి చక్రం తిప్పనిస్తాను. ఆ వేగంలో సూది దిగడం, దారం ఉచ్చు పడడం తన కళ్ళతో చూసి, కుట్టు ఎలా పడుతుందో నాకన్నా బాగా తమ్ముడికి చెబుతోంది. బట్ట బొమ్మలకు కళ్ళుగా గుండీలు పెట్టడం మానేశాను. మూడేళ్ళలోపు పిల్లలు వాటిని పీకి నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. ఇప్పుడు కళ్ళు, ముక్కు నల్లదారంతో కుట్టేస్తున్నాను.

మరమ్మతు ఒక్కసారే అవసరమైంది. గుండుసూది తీయకుండా దాని మీదుగా కుట్టాను, సూది దానికి తగిలి విరిగింది, ఆ తర్వాత ఏ దారం వేసినా పీచుపీచై తెగింది. మెకానిక్ కింది కొక్కెం అంచుమీద గోటికి మాత్రమే తగిలే గరుకును చూపించి, సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేసి ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఫుట్ దగ్గరికి రాగానే గుండుసూది తీసేస్తున్నాను. మిగతా సంరక్షణ తక్కువే. ప్లగ్గు తీసి, సూది కింది పలక విప్పి, పళ్ళ మధ్య పేరుకున్న నూలుధూళిని బ్రష్షుతో తుడవాలి. నోటితో ఊదితే ధూళి లోపలికి పోతుంది, తేమ కూడా చేరుతుంది. 8 గంటల కుట్టుకోసారి సూది మారుస్తాను. ఈ ఒక్క అలవాటుతో దాటిపోయే కుట్లు దాదాపుగా లేకుండా పోయాయి.

రోజూ గంటల తరబడి కుట్టేవారికి, గుడారపు గుడ్డ, తోలు వంటివి కుట్టాలనుకునేవారికి ఈ తరగతి మిషను చాలదు. పిల్లల బట్టల మరమ్మతులు, ఇంటి అవసరాలు, అప్పుడప్పుడు ఒక గౌను అనుకునేవారికి ఐదింట నాలుగు మార్కులిచ్చి సిఫారసు చేస్తాను. తగ్గించిన ఆ మార్కు కాజాకూ పెడల్‌కూ. కొనేముందు మీ ఇంట్లోదే పాత జీన్స్ ముక్క, పాత టీషర్టు ముక్క, పలచని నూలుముక్క సంచిలో వేసుకుని వెళ్ళండి. చూపించేవారు తమ గట్టి గుడ్డ మీద కుట్టి చూపిస్తామంటే వద్దని, ఫుట్ పైకెత్తి మీ చేత్తోనే దారం ఎక్కించి, జీన్స్ నాలుగు మడతల మీద, ఆ తర్వాత మిగతా రెండిటి మీద కుట్టి చూసి, బట్ట తిప్పి కిందివైపు చూడండి.