35 వేలు కట్టి సినిమా పీజీ ఎంట్రన్స్ కోచింగ్‌కి వెళ్తే

మా పిన్ని కొడుకు డిగ్రీ ఫైనలియర్‌లో ఉన్నాడు. "అక్కా, నువ్వు వెళ్ళిన చోటే చేరనా?" అని మొన్న ఫోన్ చేశాడు. వాడికి అరగంట చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. కోచింగ్ సెంటర్ పేరు మాత్రం రాయను. యూసుఫ్‌గూడలో, ఒక జిరాక్స్ షాపు పైన, రెండో అంతస్తు. పది వారాలకు 35 వేలు, పైగా లైబ్రరీ డిపాజిట్ 2 వేలు.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. పుణెలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో పెట్టిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి, కలకత్తాలో 1995లో సత్యజిత్ రాయ్ పేరు మీద పెట్టింది ఇంకొకటి. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. చాలా కోర్సులకు ఏ డిగ్రీ చేసినా అప్లై చేయొచ్చు. డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్, సౌండ్... ఏదో ఒకటి ఎంచుకుని మూడేళ్ళు చదవాలి. సీట్లు బాగా తక్కువ. "బీఎస్సీ చేసి మళ్ళీ సినిమాలేంటమ్మా?" అన్న మా నాన్న, "గవర్నమెంటుదా?" అని ఇంకోసారి అడిగి మరీ మెత్తబడ్డారు.

మెట్లెక్కగానే రసూల్ పూకుట్టి ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ ఉంటుంది. ఆయన పుణెలో సౌండ్ చదివారు, 2009లో ఆస్కార్ అందుకున్నారు, నిజమే. కానీ ఆయన పుణె నుంచి బయటికొచ్చింది 1995లో. ఈ సెంటర్ తెరిచి ఆరేళ్ళు. కింద చిన్న అక్షరాల్లో "స్ఫూర్తి" అని రాసుంటుంది. చేరిన నెల తర్వాత గానీ నేను చూడలేదు.

25 మంది బ్యాచ్ అన్నారు, 41 మందిమి తేలాం. క్లాసంటే ఎంసెట్ బిట్ బ్యాంకే. ఏ సినిమా ఏ దేశానిది, ఏ ఏడాది, ఏ అవార్డు. సినిమా వేసినా లైట్లు ఆర్పరు, నోట్స్ రాసుకోవాలట. రెండున్నర గంటల సినిమాని "ఇంపార్టెంట్ సీన్లు" అని నలభై నిమిషాల్లో తేల్చేసేవాళ్ళు. ప్రొజెక్టర్ వైరు లూజై తెర నీలంగా మారితే ముందు బెంచీవాడు లేచి నొక్కి పట్టుకునేవాడు. క్లైమాక్స్ అంతా అలా నిలబడే చూశాడు పాపం. మెటీరియల్ పేరుతో 1,200కి అమ్మిన స్పైరల్ బైండింగ్‌లో సగం పాత ప్రశ్నపత్రాలు. అవి ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లోనే ఊరికే దొరికాయి నాకు.

ఇక ఆదివారాలు. డబ్బింగ్ థియేటర్‌లో పనిచేసే ఒక సార్ నాలుగంటే నాలుగు క్లాసులకు వచ్చారు. మొదటిరోజు రాగానే ఫ్యాన్లు ఆపించి, కిటికీలు తీయించి, కళ్ళు మూసుకోమన్నారు. ఐదు నిమిషాలు విని, విన్నవి రాయాలి. నేను తొమ్మిది రాశాను. ఆటో, హారన్, కుక్కర్, గుడి గంట, ఇలా. ఆయన నా కాగితం తీసుకుని, "ఆటో వస్తోందా, వెళ్తోందా, ఆగి ఉందా? కుక్కర్ ఎన్ని విజిళ్ళేసింది? మూడోది పూర్తిగా వచ్చిందా, మధ్యలో ఎవరైనా స్టవ్ కట్టేశారా?" అని అడిగారు. నోరు పెగల్లేదు. "నీకు తెలిసినవి రాశావమ్మా, వినపడినవి కాదు" అన్నారు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాం. ఈసారి కింద జిరాక్స్ మెషిన్ చప్పుడు చెవికి కాదు, అరికాళ్ళకు తెలిసింది. రోజూ దాని మీదే కూర్చుంటున్నా, ఒక్కరోజూ వినలేదు! డైరెక్షన్ అనుకుని వెళ్ళినదాన్ని ఆ వారమే సౌండ్‌కి మారిపోయాను.

నాకు అసలు కోపం వచ్చింది సిరిసిల్ల కుర్రాడి విషయంలో. వాడికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. ఎడిటింగ్ చదువుతానంటే, "కలర్ బ్లైండ్ అయితే తీసుకోరు" అని ఆఫీసులో చెప్పేశారు, అదీ ఫీజు మొత్తం కట్టించుకున్నాక. అసలు సంగతేంటంటే, 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు పుణె ఇన్‌స్టిట్యూట్ కేసులో అలాంటివాళ్ళను అన్ని కోర్సుల్లోనూ చేర్చుకోమని చెప్పింది. ఇదే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్ళకు ఆ మాత్రం తెలియొద్దా? మాక్ ఇంటర్వ్యూలో వాడు తెలుగులో మొదలుపెడితే ఆపి, అందరికీ బట్టీ పట్టించిన "చిన్నప్పటి నుంచి సినిమా అంటే ప్యాషన్" అన్న ఇంగ్లీషు ముక్క చెప్పమన్నారు. 41 మందిదీ అదే బాల్యం. ఆదివారం సార్ మాత్రం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో సాంచాల (మరమగ్గాల) మోతలో అమ్మ పిలిస్తే ఎలా తెలుస్తుందని అడిగారు. "వినపడదు సార్. నాన్న తలెత్తితే అమ్మ వచ్చిందని అర్థం" అన్నాడు. క్లాసంతా చప్పుడు లేదు. అదే ఇంటర్వ్యూలో చెప్పమన్నారు సార్.

నేను రాత పరీక్ష దాటాను, ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోయాను. అది వీళ్ళ తప్పని అనను, నేనే టెన్షన్ పడి తడబడ్డాను. వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను, ఈసారి హాస్టల్ గదిలోంచే.

5కి 2 ఇస్తున్నాను. ఆ రెండూ ఆదివారాలవే. చేరి తీరాలనుకుంటే ఆ సార్ ఇంకా వస్తున్నారో లేదో ముందు కనుక్కోండి, వస్తుంటే ఆ క్లాసులకు మాత్రమే ఫీజు తీసుకుంటారేమో అడగండి. నేను అడిగితే "ప్యాకేజీ మేడమ్" అన్నారు.

లైబ్రరీ అంటే ఒక ఇనుప బీరువా. తాళం ఉన్నాయన ఎప్పుడూ ఉండడు. డిపాజిట్ 2 వేలు ఇంకా రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "సార్ షూటింగ్‌లో ఉన్నారు" అంటారు. వెనక వినిపించేది మాత్రం ఆ జిరాక్స్ మెషినే.