నాలుగు రాత్రుల ఆర్కిటిక్ యాత్రకు ఏది మేలు: లాంగ్‌యర్‌బీనా, ఇలులిసాటా?

వేసవిలో ఆర్కిటిక్ చూడాలి, కానీ అక్కడ నాలుగు రాత్రులకు మించి ఉండడం కుదరదు అనుకునేవారు చివరికి రెండు ఊళ్ల మధ్య ఊగిసలాడుతుంటారు. ఒకటి నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉన్న లాంగ్‌యర్‌బీన్. రెండోది గ్రీన్‌లాండ్ పడమటి తీరంలోని ఇలులిసాట్. రెండింటికీ విమానం ఉంది. రెండింట్లోనూ హోటళ్లు, సూపర్‌మార్కెట్, చిన్న ఆసుపత్రి ఉన్నాయి. జూలైలో రెండు చోట్లా సగటున ఏడెనిమిది డిగ్రీలే. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎటూ తేలదు. తేల్చాల్సినవి రెండు ప్రశ్నలు: ఊరు దాటి మీ కాళ్ల మీద మీరు ఎంత దూరం పోగలరు? ఒక్క విమానం రద్దయితే మీ యాత్రలో ఇంకేం మిగులుతుంది?

ముందు వీసా సంగతి చూద్దాం. చాలామంది ప్రయాణం ఇక్కడే చెడుతుంది. స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదన్న మాట నిజమే. 1920 నాటి స్వాల్‌బార్డ్ ఒప్పందం వల్ల అక్కడ ఏ దేశం వారైనా వీసా లేకుండా ఉండవచ్చు. కానీ విమానం ఎక్కాల్సింది నార్వేలోని ఓస్లోలోనో ట్రోమ్సోలోనో. అది షెంగెన్ ప్రాంతం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. స్వాల్‌బార్డ్ దాని బయట ఉంది. ఓస్లోలో మొదట దిగినప్పుడు ఒక ఎంట్రీ పోతుంది, దీవుల నుంచి తిరిగొచ్చి దిగినప్పుడు రెండోది కావాలి. సింగిల్ ఎంట్రీ వీసాతో ఈ ప్రయాణం కుదరదు. దరఖాస్తులోనే డబుల్ లేదా మల్టిపుల్ ఎంట్రీ అడగండి, ఎందుకో కవరింగ్ లెటర్‌లో రెండు ముక్కల్లో రాయండి, రద్దు చేసుకునే వీలున్న లాంగ్‌యర్‌బీన్ రానుపోను బుకింగు జతచేయండి. ఒకే దేశంలో తిరిగే విమానమే కదా అనుకుని ఎయిర్‌పోర్టుకు ఆఖరి నిమిషంలో చేరకండి, ఈ దారిలో పాస్‌పోర్టు తనిఖీ ఉంటుంది.

గ్రీన్‌లాండ్ లెక్క వేరు. అది డెన్మార్క్ రాజ్యంలో భాగమే గానీ షెంగెన్‌లో లేదు. మామూలు షెంగెన్ వీసా అక్కడ చెల్లదు. డెన్మార్క్‌కు దరఖాస్తు చేసేటప్పుడే గ్రీన్‌లాండ్ వెళ్తున్నట్టు రాయాలి, వచ్చిన వీసా మీద అది గ్రీన్‌లాండ్‌కు చెల్లుతుందన్న మాట ఉందో లేదో చూసుకోవాలి. కోపెన్‌హాగన్ మీదుగా వెళ్లేవారికి షెంగెన్ వీసా కూడా కావాలి. అమెరికాలోని మనవాళ్లకు ఇంకో దారి ఉంది: 2025 వేసవిలో యునైటెడ్ సంస్థ న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ నుంచి గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌కు నేరుగా విమానం మొదలుపెట్టింది. ఆ దారిలో యూరప్ తగలదు. అయితే గ్రీన్‌కార్డు చేతిలో ఉన్నా, పాస్‌పోర్టు భారతదేశానిదైతే గ్రీన్‌లాండ్ వీసా తప్పదు. ఎక్కడికైనా సరే, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి మార్చి దాటనివ్వకండి.

చేరుకునే దారిలో లాంగ్‌యర్‌బీన్‌దే పైచేయి. ఓస్లో నుంచి సుమారు మూడు గంటలు, పెద్ద జెట్ విమానం, వేసవిలో రోజూ సర్వీసులు. హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహాలో ఒక్కసారి మారితే ఓస్లో చేరతారు, ఒక రాత్రి అక్కడ పడుకుని మర్నాడు లాంగ్‌యర్‌బీన్ విమానం ఎక్కవచ్చు. ఇలులిసాట్‌కు కోపెన్‌హాగన్ నుంచి నూక్, అక్కడి నుంచి 37 సీట్ల చిన్న డాష్-8 విమానం. 2024 నవంబరులో నూక్‌లో 2,200 మీటర్ల కొత్త రన్‌వే తెరిచాక పెద్ద విమానాలు అక్కడ దిగుతున్నాయి, దారి కొంత తేలికైంది. కానీ వేసవి పొగమంచు ఎప్పటిలాగే ఉంది. సముద్రం మీద నుంచి మంచు కమ్మితే చిన్న విమానం లేవదు. సీట్లు తక్కువ కాబట్టి రద్దయిన విమానంలోని వారంతా తర్వాతి దాంట్లో సర్దుకోలేరు, ఒక్కోసారి మరుసటి రోజూ చోటు దొరకదు. అందుకే కోపెన్‌హాగన్ నుంచి ఇలులిసాట్ దాకా ఒకే టికెట్‌గా కొనండి. విడివిడిగా కొంటే మొదటి ముక్క ఆలస్యానికి రెండో ముక్కవాళ్లు బాధ్యత తీసుకోరు. తిరుగు దారిలో నూక్‌లోనో కోపెన్‌హాగన్‌లోనో ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. ఆ రోజుకు సెలవు దొరకకపోతే ఇలులిసాట్ మాట ఈ ఏడాదికి పక్కన పెట్టడమే మంచిది.

ఊళ్లో దిగాక మాత్రం లెక్క తిరగబడుతుంది.

లాంగ్‌యర్‌బీన్ పొలిమేరలో తెల్ల ఎలుగుబంటి బొమ్మతో హెచ్చరిక బోర్డు ఉంటుంది. దాన్ని దాటి వెళ్లేవారి దగ్గర ఎలుగును బెదరగొట్టే సాధనం ఉండాలన్నది చట్టం, తుపాకీ కూడా ఉంచుకోమన్నది అధికారుల సలహా. తుపాకీ అద్దెకు తీసుకోవాలంటే లైసెన్సో గవర్నర్ కార్యాలయం అనుమతో కావాలి. కాబట్టి మామూలు యాత్రికుడికి గైడు తప్పడు. కొండ ఎక్కినా, హిమానీనదం మీద నడిచినా, ఆ పూటకు డబ్బు కట్టాల్సిందే. విమాన టికెట్ చవగ్గా వచ్చిందని సంబరపడ్డ నలుగురి కుటుంబం, నాలుగు రోజుల గైడు ఖర్చు కలిపాక ఇలులిసాట్ లెక్కకు దగ్గర పడుతుంది. బుకింగుకు ముందే ఈ కూడిక వేసుకోండి.

ఎలుగును చూడడానికే స్వాల్‌బార్డ్ అనుకునేవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక రోజు పడవ షికార్లలో ఎలుగు కనబడే అవకాశం తక్కువ. కనబడినా, 2025 జనవరి 1 నుంచి కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలి. మార్చి 1 నుంచి జూన్ 30 దాకా అది 500 మీటర్లు. బైనాక్యులర్ లేకపోతే చుక్కలా కనబడుతుంది. ఖాయంగా చూడగలిగేవి వేరే ఉన్నాయి: ఊరి వీధుల్లో మేసే పొట్టికాళ్ల రెయిన్‌డీర్లు, పక్షుల కొండలు, 1998లో ఖాళీ అయిన సోవియట్ గనుల పట్టణం పిరమిడెన్, దాని ఎదుట నోర్డెన్‌షెల్డ్ హిమానీనదం. ఆ పడవకు ఒక రోజు పూర్తిగా కేటాయించాలి. ప్రపంచ పంటల విత్తనాలను దాచిన భాండాగారం తలుపు బయట నుంచి చూడడమే, లోపలికి యాత్రికులను పంపరు. భారత పరిశోధన కేంద్రం హిమాద్రి ఉన్న నీ-ఆలెసుండ్ ఇంకా ఉత్తరాన ఉంది, నాలుగు రాత్రుల్లో దాన్ని ఇరికించాలని చూడకండి. జూన్, జూలైల్లో ఊళ్లోనే ఆర్కిటిక్ టెర్న్ పక్షులు నేల మీద గుడ్లు పెట్టి, దగ్గరికొస్తే నెత్తి మీద పొడుస్తాయి. అవి మనలో అన్నిటికంటే ఎత్తుగా ఉన్నదాన్నే పొడుస్తాయి కాబట్టి తల పైకి ఒక కర్రో గొడుగో ఎత్తి పట్టుకుని నడవండి.

ఇలులిసాట్‌లో అసలు దృశ్యం ఊరి చివరే ఉంది. ఐస్‌ఫ్యోర్డ్ సెంటర్ దగ్గర చెక్కబాట ఎక్కితే పావుగంట, ఇరవై నిమిషాల్లో సెర్మెర్మియుట్ అనే పాత ఇన్యూట్ ఊరి స్థలానికి చేరతారు. ఎదురుగా 2004లో యునెస్కో జాబితాకెక్కిన మంచు ఫ్యోర్డ్, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. దాని వెనక ఉన్న సెర్మెక్ కుయాలెక్ ప్రపంచంలో అతి వేగంగా కదిలే హిమానీనదాల్లో ఒకటి. అది విరిచి వదిలే మంచు కొండలు ఫ్యోర్డ్ నోటి దగ్గర నీళ్లడుగున ఉన్న మట్టిదిబ్బకు తగిలి ఆగిపోతాయి. కరిగి, చీలి, తేలికయ్యాకే సముద్రంలోకి జారతాయి. అందుకే అక్కడ ఏ రోజు వెళ్లినా భవనాలంత మంచు కళ్లెదుట ఉంటుంది, అదృష్టంతో పని లేదు. గైడు అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు. రాత్రి పదకొండుకు మబ్బు విడిస్తే మళ్లీ వెళ్లి చూడొచ్చు. ఏడు కిలోమీటర్ల నీలం గుర్తుల బాట ఓపికున్నవారికి సగం రోజు పని. ఒక్క పడవ షికారు మాత్రం తప్పక చేయండి, అది సాయంత్రం పూట అయితే మేలు.

అక్కడి ప్రమాదం ఎలుగు కాదు, నీళ్లు. పెద్ద మంచు కొండ తిరగబడితే ఒడ్డున నీరు ఒక్కసారిగా వెనక్కి పోయి, ఆ వెంటనే ఎత్తైన అలగా వచ్చి పడుతుంది. సెర్మెర్మియుట్ ఒడ్డుకు దిగవద్దన్న బోర్డులు అందుకే. మంచు ముక్క చేత్తో పట్టుకుని ఫొటో దిగాలన్న సరదా కోసం పిల్లలను కిందికి తీసుకుపోవద్దు. రెండో బాధ దోమలు. జూన్ చివర నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా గుంపులుగా ఉంటాయి, ముఖానికి వల టోపీ ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. లాంగ్‌యర్‌బీన్‌లో ఈ బెడద లేదనే చెప్పాలి.

తిండి రెండు చోట్లా ఖరీదే, శాకాహారులకు హోటళ్లలో దొరికేది బహు తక్కువ. వంటగది ఉన్న గది తీసుకోండి. బియ్యం, కందిపప్పు, కారప్పొడులు, పులిహోర పేస్టు సీలు చేసి తీసుకెళ్తే నాలుగు రోజులు హాయిగా గడుస్తాయి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి పెట్టకండి: పాల, మాంస పదార్థాలను ఓస్లోలోనూ కోపెన్‌హాగన్‌లోనూ రానివ్వరు. పచ్చి కరివేపాకుదీ అదే గతి. బట్టల్లో జీన్సు, కాటన్ బనియన్లు పనికిరావు, తడిస్తే ఆరవు. ఒంటికి ఉన్ని, మీద ఫ్లీసు, ఆ పైన గాలీ వానా దూరని జాకెట్. పడవ మీద గాలికి ఏడు డిగ్రీలు సున్నాలా కొరుకుతాయి. ఇన్సూరెన్సులో తప్పిపోయినప్పటి గాలింపు, హెలికాప్టర్ తరలింపు ఉన్నాయో లేదో చదవండి. వీసా కోసం కొన్న మామూలు పాలసీలో అవి ఉండకపోవచ్చు.

మా తీర్పు ఇది. ఇంటి నుంచి ఇంటికి ఎనిమిది రోజులే ఉంటే, మోకాళ్లలో సత్తువ ఉంటే లాంగ్‌యర్‌బీన్. పది రోజులు దొరికితే, అందులోనూ అమ్మానాన్నలో పిల్లలో వెంట ఉంటే, సందేహం లేకుండా ఇలులిసాట్. అర్ధరాత్రి సూర్యుడే ముఖ్యమైతే లాంగ్‌యర్‌బీన్‌లో ఆగస్టు మూడో వారం దాకా అస్తమించడు, ఇలులిసాట్‌లో జూలై నాలుగో వారానికే ముగుస్తుంది. దోమలు పడనివారు ఇలులిసాట్‌కు ఆగస్టు రెండో సగంలో వెళ్లాలి. ఏది ఎంచుకున్నా ముందు రద్దు చేసుకునే వీలున్న గది, తర్వాత వీసా అపాయింట్‌మెంట్, ఆ తర్వాత గైడు, పడవ బుకింగు. డబ్బు వెనక్కి రాని విమాన టికెట్ మాత్రం వీసా చేతికొచ్చి, దాని మీద ఎంట్రీలు, చెల్లుబాటు చదివాకే కొనండి.