డ్రామా డ్రస్సుల కొట్టు, రెండు జతల కవలలు, పోయిన ఒక తలపాగా

ముందే చెప్పేస్తున్నా, కొట్టు పేరు రాయను. కింద మెచ్చుకోళ్ళూ ఉన్నాయి, తిట్లూ ఉన్నాయి. సోమవారం బట్టలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాల్సింది నేనే, డిపాజిట్ ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే కొట్టు ఎక్కడని వైజాగ్‌లో పాత నటుల్ని ఎవర్ని అడిగినా దారి చెప్తారు. బండి మాత్రం దూరంగా పెట్టి నడిచి వెళ్ళండి, ఆ సందులో స్కూటీ తిప్పడం కూడా కష్టమే.

మాది పదకొండు మంది ఉన్న చిన్న ట్రూపు. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసేవాళ్ళు ఇద్దరు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక స్కూల్ మాస్టారు, యూనివర్సిటీ పిల్లలు నలుగురు, మిగతావాళ్ళం ఏ పని దొరికితే అది. ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్లో రాత్రి ఏడు నుంచి పది వరకు రిహార్సల్స్, వాచ్‌మన్ లైటు తీసేస్తే ఇంటికి. ఈసారి షేక్‌స్పియర్ అనుకున్నాం. కామెడీ ఆఫ్ ఎర్రర్స్. ఆయన నాటకాలన్నిట్లోకీ చిన్నది, ఒక్క రోజులో అయిపోయే కథ, నవ్వులకి లోటు లేదు, మాకు సరిపోతుందిలే అని అందరం తలూపేశాం. తలూపినప్పుడు బట్టల సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఓడ మునిగి చిన్నప్పుడే విడిపోయిన కవలలు, ఇద్దరి పేరూ ఆంటిఫోలసే. వాళ్ళ నౌకర్లూ కవలలే, వాళ్ళిద్దరి పేరూ డ్రోమియోనే. ఒక జత సిరక్యూస్‌లో పెరిగింది, ఇంకో జత ఎఫెసస్‌లో. సిరక్యూస్ జత ఎఫెసస్ రేవులో దిగుతుంది, అక్కడినుంచి ఊరంతా పొరపాటు పడుతూనే ఉంటుంది. పెళ్ళాం పరాయివాణ్ణి మొగుడనుకుని భోజనానికి లాక్కెళ్తుంది, అసలు మొగుడు సొంత ఇంటి బయట నిలబడి తలుపు బాదుకుంటాడు.

సినిమాలో అయితే ఒకే హీరో రెండు వేషాలు వేసేస్తాడు, డ్యూయల్ రోల్ మనకేమీ కొత్త కాదు. స్టేజీ మీద ఆ పప్పు ఉడకదు, ఎందుకంటే చివర్లో నలుగురూ ఒకేసారి జనం ముందు నిలబడాలి. ఇక మా నలుగురి సంగతి వినండి. ఒక ఆంటిఫోలస్ ఆరడుగుల ప్లాంటు మనిషి, రెండోవాడు ఐదడుగుల ఐదంగుళాల బ్యాంకు ఉద్యోగి, కొంచెం పొట్ట కూడా. ఒక డ్రోమియో డిగ్రీ కుర్రాడు, రెండో డ్రోమియో నలభై ఆరేళ్ళ మాస్టారు. వీళ్ళు కవలలంటే కన్నతల్లి కూడా నమ్మదు. కాబట్టి ఆ నమ్మకం పుట్టించాల్సింది బట్టలే. అది కూడా ప్రతిదీ రెండేసి, తేడా లేకుండా.

కుట్టిద్దామని డాబాగార్డెన్స్ వైపు ఒక టైలర్ని అడిగితే ఆయన చెప్పిన రేటుకి మా టికెట్ల డబ్బంతా పోసినా చాలదు. అలా ఈ కొట్టుకి చేరాం.

లోపలికి అడుగు పెట్టగానే కలరా ఉండల వాసన. పైన కమ్మీలకి కిరీటాలు, మూలన గదలు, భుజకీర్తులు, ఒక అల్యూమినియం డబ్బా నిండా కృష్ణుడి పిల్లనగ్రోవులు. ఒకప్పుడు పద్యనాటకాలకి నడిచిన కొట్టు, ఇప్పుడు ఎక్కువ బేరం స్కూళ్ళ యానివర్సరీలు, ఫ్యాన్సీ డ్రస్ పోటీలు, డిసెంబరులో క్రిస్మస్ నాటకాలు. అందుకే పెద్ద సైజులు తక్కువ. రాణీ లక్ష్మీబాయి, భగత్‌సింగ్, మదర్ థెరిసా అందరూ ఉన్నారు, అందరూ ఆరేళ్ళ వయసువాళ్ళే. మాకు నాటకం చివర్లో మఠాధిపతిగా ఒక పెద్దావిడ కావాలి, కవలల కన్నతల్లి ఆవిడే అని అప్పుడు తేలుతుంది, ఆవిడకి సరిపోయే అంగీ ఇక్కడ దొరకలేదు. మా అమ్మ పాత తెల్ల చీరతో లాగించేస్తున్నాం.

కొట్టు నడిపే పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. అందరూ బాబాయి అనే పిలుస్తారు, నేనూ అదే. షేక్‌స్పియర్ అనగానే భయపడతాడేమో అనుకున్నా. "ఇంగ్లీషు దొరల బట్టలు లేవు బాబూ, ఊరేటో చెప్పు, ఊరిని బట్టి చూద్దాం" అన్నాడు. ఎఫెసస్ అన్నాను. పక్కన ఇస్త్రీ చేస్తున్న కుర్రాడు తలెత్తి "ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఎఫెసేనా అన్నా?" అని అడిగాడు. అవును, బైబిల్లో ఉన్న ఆ ఊరే. అంతే, వాడు నిచ్చెన ఎక్కి పైనుంచి క్రిస్మస్ నాటకాల మూట దింపేశాడు. జ్ఞానుల అంగీలు, గొల్లల తలగుడ్డలు, నడుం పట్టీలు. మేం రెండు వారాలు బుర్రలు పగలగొట్టుకున్న సమస్య రెండు నిమిషాల్లో తీరిపోయింది.

ఇక్కడ చిన్న పక్కదారి. ఈ కథ షేక్‌స్పియర్ సొంతం కాదు, ప్లాటస్ అనే రోమన్ నాటకకర్త దగ్గర తీసుకున్నది. అక్కడ ఒకే జత కవలలు, ఊరు కూడా ఎపిడామ్నస్. షేక్‌స్పియర్ నౌకర్లని కూడా కవలల్ని చేసి గందరగోళం రెట్టింపు చేశాడు, కథని ఎఫెసస్‌కి మార్చాడు. బైబిల్లో అపొస్తలుల కార్యములు పంతొమ్మిదో అధ్యాయంలో ఎఫెసు వాళ్ళు మంత్రాల పుస్తకాలు తెచ్చి తగలబెట్టే ఘట్టం ఉంది, మంత్రగాళ్ళకి పేరుపడ్డ ఊరన్న మాట. నాటకంలో సిరక్యూస్ ఆంటిఫోలస్ కూడా ఊళ్ళో అందరూ తనని పేరు పెట్టి పిలుస్తుంటే ఇదేదో చేతబడి ఊరని హడలిపోతాడు. ఇదంతా నేను పుస్తకాల్లో చదివాను. ఇస్త్రీ కుర్రాడు మాత్రం ఆదివారం చర్చిలో విన్నదాంతోనే అక్కడికి వచ్చేశాడు.

తెలుగులో ఇది ఎవరైనా ఆడారా అని బాబాయి అడిగితే మా మాస్టారు డ్రోమియో అందుకున్నారు. కందుకూరి వీరేశలింగం దీన్నే చమత్కార రత్నావళిగా మార్చి 1880 ప్రాంతంలో రాజమండ్రిలో తన విద్యార్థుల చేత వేయించారని చెప్పారు. "మరి వాళ్ళు డ్రస్సులు ఎక్కడ తెచ్చుకున్నారో" అన్నాడు బాబాయి. వ్యాపారస్తుడు కదా.

ఇప్పుడు అసలు విషయం, ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా ఇదే. నేను నాలుగు అంగీలు పక్కన పెట్టించుకున్నాను, యజమానులకి ఊదారంగు రెండు, నౌకర్లకి గోధుమరంగు రెండు, తలగుడ్డలతో సహా అచ్చుగుద్దినట్టు ఒకేలా. పని అయిపోయిందని లేవబోతుంటే బాబాయి కూర్చోబెట్టాడు. "ఏటి బాబూ, ఇద్దరికీ ఒకే బట్ట ఏసేస్తే సరిపోద్దా? నాటకంలో ఉన్నోళ్ళకి తెలీకూడదు, కుర్చీల్లో ఉన్నోళ్ళకి తెలవాల. ఆళ్ళకీ తెలీకపోతే నవ్వేదెవరు?" నెల రోజుల రిహార్సల్స్‌లో మా డైరెక్టర్ కూడా ఇంత సూటిగా చెప్పలేదు. నిజమే, భోజనానికి వచ్చినవాడు పరాయివాడని మనకి తెలుసు, ఆ పెళ్ళానికి తెలియదు, నవ్వంతా అక్కడే ఉంది. ఎవరు ఎవరో జనానికి కూడా తెలియకపోతే అర్థం కాక పక్కవాణ్ణి అడుగుతారు, ఆ తర్వాత సెల్ఫోన్ తీస్తారు.

అయితే కండువా ఒకడికి ఎడం భుజం మీద, ఇంకొకడికి కుడి భుజం మీద వేద్దామన్నాను. వెనక్కి తిరిగితే ఎడమేదో కుడేదో వెనక వరసకి అంతు చిక్కదన్నాడు. చెప్పులు మారుద్దామన్నాను. ముందు కూర్చున్నవాళ్ళ తలలు అడ్డం, కాళ్ళు ఎవరికి కనిపిస్తాయన్నాడు. చివరికి తలగుడ్డ దగ్గర తేల్చాడు. ఊరికి కొత్తగా వచ్చిన జతకి తలగుడ్డ కొంగు వీపు మీదకి వదిలేయాలి, ఎండలో ప్రయాణం చేసొచ్చినట్టు. ఊరివాళ్ళకి కొంగు చుట్టి లోపలికి దోపేయాలి. ముందునుంచి చూసినా వెనకనుంచి చూసినా తెలిసిపోతుంది, పాత్రలు మాత్రం పట్టించుకోవు. దీనికి ఆయన ఒక్క రూపాయి అదనంగా తీసుకోలేదు. మా రిహార్సల్ చూడటానికి వచ్చిన వాచ్‌మన్ పిల్లలు మూడో సీనుకల్లా "కొంగు మావయ్య వచ్చేడు" అని గుర్తుపట్టేశారు, అంతకన్నా పరీక్ష ఏం కావాలి.

ఇంకో మంచి పని, నాడాలు తీసేసి వెల్‌క్రో కుట్టించాడు. మా దగ్గర ఒక్కొక్కరికి రెండు మూడు వేషాలు, ఊరిని ఏలే డ్యూక్ వేసినవాడే తర్వాత కంసాలిగా రావాలి, వింగ్‌లో నిలబడి ముడి విప్పుకునే టైము ఉండదు. పించ్ అని ఒక భూతవైద్యుడి పాత్ర ఉంది, మొగుడికి పిచ్చి పట్టిందని పెళ్ళాం పిలిపిస్తుంది. దానికి బాబాయి తీసిచ్చిన మాంత్రికుడి డ్రస్సు, పుర్రెల దండ, నల్ల దుప్పటి, అబ్బో. మా కుర్రాడు అది వేసుకుని ఇంటికి వీడియో కాల్ చేస్తే వాళ్ళ నానమ్మ ఫోన్ కట్ చేసేసిందట. డ్యూక్‌కి మాత్రం సీరియల్ బల్బుల కిరీటం అంటగట్టాలని చాలా ప్రయత్నించాడు. బతిమాలి తప్పించుకున్నాం.

ఇక తిట్లు.

అడ్వాన్సు కట్టి, చీటీ రాయించుకుని, మూట మీద పేరు అంటించి వచ్చాక కూడా డ్రస్ రిహార్సల్‌కి రెండు రోజుల ముందు వెళ్తే గోధుమరంగు జతలో ఒకటి లేదు. "స్కూలోళ్ళు అర్జంటన్నారు, ఇచ్చీసేం, రేపొచ్చెద్ది" అన్నారు. మిగతా ఏ నాటకమైనా సర్దుకోవచ్చు, కవలల నాటకంలో ఒక జత సగమైతే ఏం చేసుకోవాలి? వచ్చింది, రేపు కాదు ఎల్లుండి, అది కూడా ఛాతీ మీద ఐస్‌క్రీమ్ మరకతో, తలగుడ్డ లేకుండా. దాని బదులు ఇంకోటి ఇచ్చారు. కొట్లో ట్యూబులైటు కింద రెండూ ఒకే రంగు, నేనూ ఒప్పుకున్నాను. సెల్లార్లో మా పసుపు లైటు వేసేసరికి ఒకటి గోధుమ, ఒకటి ఇటుక. నలుగురి తలల మీదే నాటకమంతా నడుస్తుంటే ఇదేం గోల. చివరికి పూర్ణా మార్కెట్‌లోనే రెండు కాశీ తువ్వాళ్ళు కొని ఇద్దరు డ్రోమియోలకీ చుట్టాను, డబ్బు నాది. పైగా పోయిన తలగుడ్డకి మా డిపాజిట్లోంచి 300 కోస్తానంటాడు కౌంటర్ దగ్గర కూర్చునే అల్లుడు. స్కూలువాళ్ళు పారేస్తే మేం ఎందుకు కట్టాలి? బాబాయి ఉన్నప్పుడు ఒక మాట, అల్లుడు ఉన్నప్పుడు ఇంకో మాట. ఏ లావాదేవీ అయినా బాబాయి ఉండగా చేసుకోండి, సాయంత్రం నాలుగు తర్వాత ఉంటాడు.

ఉతుకు సంగతి కూడా చెప్పాలి. అంగీలు ఇస్త్రీ చేసి ఇస్తారు, ఉతికి ఇస్తారని మాత్రం ఆశపడకండి. ఒకసారి ఎండలో వేసి, చంకల దగ్గర డెటాల్ నీళ్ళు పట్టించి వాడుకోండి. జరీ ఉన్నవి తీసుకోకపోవడమే మంచిది, మన ఉప్పుగాలికి నల్లబడిపోయి ఉన్నాయి, హుక్కులు తుప్పు పట్టాయి. మీసాలు, గడ్డాలు కూడా అద్దెకిస్తారు, వాటిని అంటించే స్పిరిట్ గమ్ సీసా విడిగా కొనాలి. మేం నలుగురికీ ఒకేరకం గడ్డాలు పెట్టి చూశాం. వైజాగ్ ఉక్కలో పావుగంటకి మాస్టారి గడ్డం సగం ఊడి చెవికి వేలాడింది, ఆయన డైలాగు ఆపకుండా దాన్ని చేత్తో పట్టుకుని సీను పూర్తి చేశారు. దాంతో గడ్డాలు తిరిగిచ్చేసి నలుగురికీ నున్నగా షేవింగ్ అని తీర్మానించాం. ప్లాంటు ఆంటిఫోలస్ పదేళ్ళ మీసం పోయింది, వాళ్ళావిడ ఇంకా మాట్లాడట్లేదు.

రేట్లు: పెద్దవాళ్ళ జత రోజుకి 250, మూడు రోజులు మొత్తంగా తీసుకుంటే 600కి ఒప్పుకున్నారు. డిపాజిట్ 3000. ఆడవాళ్ళవి మాత్రం దండగ, ఉన్నవన్నీ డాన్సు డ్రస్సులో దేవతల డ్రస్సులో. పెళ్ళాం ఏడ్రియానాకి మరియమ్మ నీలం అంగీ ఇవ్వబోయారు, నాటకమంతా మొగుణ్ణి తిట్టే పాత్ర, నేను అది వేసుకుని తిట్టలేనని మా అమ్మాయి ఒప్పుకోలేదు. సొంత కాటన్ డ్రస్సు మీద కొట్టువాళ్ళ పట్టీ కట్టించాం, బాగానే ఉంది. డిసెంబరు నెలలో అయితే ఈ అంగీలు ఒక్కటి కూడా దొరకవు, చర్చిలవాళ్ళు ముందే చెప్పేసుకుంటారు. పంద్రాగస్టు, కృష్ణాష్టమి ముందు కూడా ఆ వైపు వెళ్ళొద్దు, తల్లులూ పిల్లలూ తోపులాట.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. బాబాయి సలహాకి విడిగా ఇవ్వగలిగితే ఐదు ఇచ్చేవాణ్ణి, అల్లుడికి ఒకటి. మళ్ళీ వెళ్తానా అంటే వెళ్తాను, ఈసారి మూట ముందురోజే ఇంటికి తెచ్చేసుకుంటాను, అదనపు రోజు అద్దె పోయినా సరే.

ఇది రాస్తుండగా ఇస్త్రీ కుర్రాడు ఫోన్ చేశాడు. పోయిన గోధుమరంగు తలగుడ్డ దొరికిందట, స్కూల్లో అరేబియా వర్తకుడు వేసిన పిల్లాడు రాత్రి అది కట్టుకునే పడుకున్నాడట, వాళ్ళమ్మ ఉతికి మరీ పంపించిందట. మొత్తం మూటలో ఉతికిన బట్ట అదొక్కటే. ఆదివారమే షో, డ్రోమియోలకి తువ్వాళ్ళు అలవాటైపోయాయి, ఇక మార్చేది లేదని డైరెక్టర్ అనేశాడు. అయితే అల్లుడు ఆ 300 కోయడు కదా అని అడిగాను. "బావగారు బోయినానికెళ్ళేరన్నా" అన్నాడు.