ట్రాన్‌స్క్రిప్ట్ మనమే ఎక్కించుకోవాలా, డబ్బిచ్చి ఎక్కించుకోవాలా?

ట్రాన్‌స్క్రిప్ట్, అంటే చదివిన కోర్సులూ గ్రేడ్లూ అన్నీ ఉండే కాలేజీ కాగితం, దాన్ని దరఖాస్తులో మళ్లీ మనం టైపు చేసే ఈ వ్యవహారం మా నాన్నకి ఇప్పటికీ మింగుడు పడదు. ఆయన కాలంలో ఎంసెట్ ర్యాంకు కార్డు, మార్కుల మెమోలు ఫైల్లో పెట్టుకుని కౌన్సెలింగ్‌కి వెళ్తే పని అయిపోయేది. "కాలేజీ వాళ్లు ట్రాన్‌స్క్రిప్ట్ పంపుతారు కదమ్మా, మళ్లీ అందులో ఉన్నదే నువ్వు టైపు చేయడం దేనికి?" అని నేను అప్లై చేసిన ఏడాది అడిగారు. మూడేళ్ల తర్వాత తమ్ముడు అప్లై చేసినప్పుడు మళ్లీ అదే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ అమెరికాలో మెడికల్ స్కూల్‌కి అప్లై చేయాలంటే నాలుగేళ్లలో చదివిన ప్రతి కోర్సునీ, దాని నంబరు, క్రెడిట్లు, గ్రేడుతో సహా మన చేత్తో ఎక్కించాల్సిందే. ఆ తర్వాత వాళ్లు దాన్ని అసలు ట్రాన్‌స్క్రిప్ట్‌తో వరసవారీగా పోల్చి చూస్తారు. దానికే వెరిఫికేషన్ అని పేరు.

మేముండేది టెక్సాస్‌లో. ఇక్కడి పిల్లలకి మూడు దారులుంటాయి, అంటే మూడు దరఖాస్తు వ్యవస్థలు. ఎండీ (ఇక్కడ డాక్టర్ కావడానికి చదివే మొదటి వైద్య డిగ్రీయే ఇది) కాలేజీలకి దేశమంతటా ఆమ్‌కాస్. డీవో, అంటే ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ, కాలేజీలకి ఆకోమాస్. టెక్సాస్‌లోని ప్రభుత్వ మెడికల్ స్కూళ్లకి టీఎమ్‌డీసాస్. మూడింటిలోనూ కోర్సులు విడివిడిగా ఎక్కించాలి. ఒకదాంట్లో ఎక్కించింది ఇంకోదానికి దానంతటదే వెళ్లదు. నేను ఆమ్‌కాస్, టీఎమ్‌డీసాస్ రెండూ చేశాను. తమ్ముడు మూడూ చేశాడు. కాబట్టి ఇంట్లో పోల్చి చూసుకోవడానికి కావలసినంత సరుకుంది.

ముందు డబ్బిచ్చే సంగతి చెప్తాను. ఆకోమాస్‌లో ప్రొఫెషనల్ ట్రాన్‌స్క్రిప్ట్ ఎంట్రీ అని ఒక సదుపాయం ఉంది. ఎన్ని ట్రాన్‌స్క్రిప్ట్‌లు ఉంటే దాన్నిబట్టి అదనపు ఫీజు కడితే, కోర్సులన్నీ వాళ్లే ఎక్కిస్తారు. ఆమ్‌కాస్‌లో అలాంటిది లేదు, ఎంత తలనొప్పి అయినా మనమే పడాలి. తమ్ముడు ఆకోమాస్‌కి డబ్బు కట్టాడు. "ఎంసీఏటీ ప్రవేశ పరీక్ష టెన్షన్‌లో ఉన్నానక్కా, ఇదొక్కటైనా తప్పుతుంది" అన్నాడు.

తప్పలేదు. డబ్బు కట్టినా, చదివిన కాలేజీలన్నీ మనమే నమోదు చేయాలి, ట్రాన్‌స్క్రిప్ట్‌లు మనమే పంపించాలి. అవి చేరేదాకా వాళ్లు మొదలుపెట్టరు. పూర్తయ్యాక ప్రతి వరసా మనం చూసి సరేననాలి. ఆ చూడటానికి ఎలాగూ ట్రాన్‌స్క్రిప్ట్ పక్కన పెట్టుకుని కూర్చోవాలి కదా. పైగా వాడు అప్పటికే ఆమ్‌కాస్‌లో అన్నీ స్వయంగా ఎక్కించి ఉన్నాడు. అదే పనిలో తొంభై శాతం అయిపోయాక మిగతా పదికి డబ్బు కట్టినట్టయింది.

అయితే ఆ సదుపాయం వృథా అని అనను. డీవో కాలేజీలకి మాత్రమే అప్లై చేసేవాళ్లు, మూడు నాలుగు కాలేజీల్లో చదివినవాళ్లు, పగలంతా ఉద్యోగం చేసి రాత్రి ఇది చేసుకునేవాళ్లు కడితే కట్టుకోవచ్చు. ఆమ్‌కాస్ కూడా పెట్టేవాళ్లకి మాత్రం నా సలహా, ఆ డబ్బు ఇంకో కాలేజీ దరఖాస్తు ఫీజుకి వాడుకోండి.

ఇప్పుడు అసలు కష్టం. మనమే ఎక్కించేటప్పుడు రెండు పద్ధతులున్నాయి. ప్రతి సెమిస్టర్ అయ్యాక గ్రేడ్లు ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటూ పోవడం ఒకటి. మే నెలలో ఫారం తెరుచుకున్నాక అన్నీ ఒకేసారి కూర్చుని కొట్టేయడం ఇంకొకటి. నేను రెండోది చేశాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, రెండు వారాంతాలు పోయాయి. తమ్ముడి చేత మొదటిది చేయించాను. వాడికి ఒక సాయంత్రం పట్టింది. కానీ తేడా సమయంలో మాత్రమే కాదు. చేసిన ప్రతి కోర్సునీ మధ్యలో వదిలేసిన కోర్సుతో సహా ఎక్కించాలి. ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ అని ఉంటే అదీ ఎక్కించాలి. రెండోసారి చదివిన కోర్సు ఉంటే రెండూ ఎక్కించాలి, రెండు గ్రేడ్లూ లెక్కలోకి వస్తాయి. మూడేళ్ల క్రితం ఏ కోర్సు ఎందుకు వదిలేశామో మే నెలలో గుర్తుండదు.

షీట్ ఉన్నా వాడికి ఒకచోట దెబ్బ తగిలింది. ఇక్కడ డాలస్ దగ్గరి ప్లానో, ఫ్రిస్కో వైపు మన తెలుగు పిల్లల్లో చాలామంది హైస్కూల్లో ఉండగానే డ్యూయల్ క్రెడిట్ కోర్సులు చేస్తారు. అంటే స్కూల్ చదువుతూనే దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ పేరు మీద గవర్నమెంట్ (మన పౌరశాస్త్రం లాంటిది), ఇంగ్లిష్ లాంటివి పూర్తి చేసేస్తారు. ఆ క్రెడిట్లు తర్వాత యూనివర్సిటీకి బదిలీ అవుతాయి, యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో కూడా కనిపిస్తాయి. అక్కడే పొరపాటు. యూనివర్సిటీ కాగితంలో కనబడింది కాబట్టి అది చాలనుకుంటాం. చాలదు. కోర్సు ఎక్కడ చదివామో ఆ కాలేజీ కిందే ఎక్కించాలి, ఆ కాలేజీ నుంచే అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ రావాలి. పదహారేళ్ల వయసులో చేసిన కోర్సు కదా అని ఊరుకోవడానికీ లేదు. ఆమ్‌కాస్ దాన్ని హైస్కూల్ దశ కోర్సుగా విడిగా గుర్తించి, గ్రేడును మొత్తం జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో, కలుపుతుంది.

"అక్కా, ఆ సమ్మర్‌లో చేసిన గవర్నమెంట్ కోర్సు కూడా ఎక్కించాలా?"

"ఎక్కించాల్రా. ట్రాన్‌స్క్రిప్ట్ అడిగావా?"

అడిగితే ఆ కాలేజీ ఇవ్వనంది. ఎప్పుడో కట్టని పార్కింగ్ జరిమానా ఒకటి వాడి పేరు మీద ఉండిపోయిందట. అది తేలి, కాగితం కదిలేసరికి మూడు వారాలు. ఆమ్‌కాస్‌లో ట్రాన్‌స్క్రిప్ట్‌లు రాకముందే దరఖాస్తు సబ్‌మిట్ చేయొచ్చు గానీ, అన్నీ చేరేదాకా వెరిఫికేషన్ వరసలో నిలబెట్టరు. జూన్, జూలైల్లో ఆ వరస చాంతాడంత ఉంటుంది, ఆరు వారాలు పట్టడం కూడా మామూలే. అందుకే ట్రాన్‌స్క్రిప్ట్‌లు ఏప్రిల్‌లో అడగాలా, సబ్‌మిట్ చేశాక అడగాలా అంటే, సబ్‌మిట్ చేసేదాకా ఆగొద్దనే నేనంటాను. ఏప్రిల్‌లోనే కాలేజీ దగ్గర మీ పేరు మీద ఏదైనా బాకీ ఉందేమో చూసుకోండి. వసంత సెమిస్టర్ గ్రేడ్లు పడగానే పంపించండి.

ఇక మూడు దారుల్లో గ్రేడ్ల లెక్క ఎలా మారుతుందో చూస్తే, మా ఇద్దరికీ అదే పెద్ద విచిత్రంగా అనిపించింది. ఆమ్‌కాస్‌లో ఎ మైనస్ అంటే 3.7, బి ప్లస్ అంటే 3.3. ఎ ప్లస్ ఉన్నా 4.0 మించదు. టీఎమ్‌డీసాస్ ఈ ప్లస్‌లనీ మైనస్‌లనీ పట్టించుకోదు. ఎ మైనస్ కూడా 4.0, బి ప్లస్ కూడా 3.0. వినడానికి చిన్న సంగతే గానీ లెక్కవేసి చూడండి. ఉదాహరణకి 120 క్రెడిట్ల డిగ్రీలో ఇద్దరికీ ఆమ్‌కాస్ జీపీఏ 3.70 అనుకుందాం. ఒకరికి 24 క్రెడిట్లలో ఎ మైనస్, 12 క్రెడిట్లలో బి ప్లస్ ఉన్నాయి. ఇంకొకరికి 6 క్రెడిట్లలో ఎ మైనస్, 18 క్రెడిట్లలో బి ప్లస్. టీఎమ్‌డీసాస్‌కి వచ్చేసరికి మొదటివారిది 3.73 అవుతుంది, రెండోవారిది 3.67 అవుతుంది. మా ఇంట్లో మొదటి రకం తమ్ముడు, రెండో రకం నేను. వాడు ఆ పూట నన్ను ఆటపట్టించిన తీరు ఇక్కడ రాయను.

సైన్స్ జీపీఏ దగ్గర ఇంకో మెలిక. ఆమ్‌కాస్ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్‌తో పాటు లెక్కల్ని కూడా సైన్స్ కిందే కలుపుతుంది. స్టాటిస్టిక్స్ కూడా లెక్కల్లోకే వస్తుంది. ఆకోమాస్ సైన్స్ జీపీఏలో లెక్కలు కలవవు. కాబట్టి కాల్క్యులస్‌లో, స్టాటిస్టిక్స్‌లో ఎ తెచ్చుకున్న మన పిల్లలకి ఆమ్‌కాస్‌లో కాస్త ఊపు దొరుకుతుంది. అదే కాల్క్యులస్‌లో బోల్తా పడ్డవాళ్లకి ఆకోమాస్ నయం. సైకాలజీ ఎంత సైన్స్‌లా ఉన్నా ఆమ్‌కాస్ దాన్ని సామాజిక శాస్త్రాల్లో వేస్తుంది. బయోమెడికల్ ఇంజినీరింగ్ చేసినవాళ్లకి ఇది మరీ చిరాకు. ఇంజినీరింగ్ కోర్సులు సైన్స్ లెక్కలోకి రావు.

ఏ కోర్సు ఏ వర్గమో ఎంచుకునేది మనమే. ఇక్కడ తెలివి చూపించబోయి దెబ్బతినేవాళ్లున్నారు. పేరుని బట్టి కాదు, ఆ కోర్సులో ముఖ్యంగా ఏం చెప్పారో దాన్నిబట్టి వర్గం ఎంచుకోవాలి. న్యూరోసైన్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పిన కోర్సులో ఎక్కువ భాగం జీవశాస్త్రమైతే బయాలజీ అనడం న్యాయం. ఎ వచ్చిన పబ్లిక్ హెల్త్ కోర్సుని బయాలజీలోకి నెట్టడం కుదరదు, వెరిఫికేషన్‌లో వాళ్లు మార్చేస్తారు. ఒకటి రెండు మారితే పోయేదేమీ లేదు. తప్పులు, వదిలేసిన కోర్సులు మరీ ఎక్కువైతే దరఖాస్తునే సరిచేసుకోమని వెనక్కి పంపుతారు. అప్పుడు పోయేది సమయం. సబ్‌మిట్ చేశాక కోర్సుల్ని మనంతట మనం మార్చుకోలేం, అందుకే ఆ బటన్ నొక్కేముందు ఇంకొకరి చేత ఒకసారి చూపించుకోవాలి. మా అమ్మ ట్రాన్‌స్క్రిప్ట్ చేత్తో పట్టుకుని ఒక్కో వరస చదివింది, నేను తెర మీద చూశాను. చిట్‌ఫండ్ లెక్కలు సరిచూసినంత శ్రద్ధగా రెండు తప్పులు పట్టుకుంది.

సెమిస్టర్లకి బదులు క్వార్టర్ల పద్ధతి ఉన్న యూనివర్సిటీల వాళ్లు ఇంకో పొరపాటు చేస్తుంటారు. ఆమ్‌కాస్‌లో క్రెడిట్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నవి ఉన్నట్టే వేయాలి. మూడింట రెండొంతులుగా సెమిస్టర్ లెక్కలోకి మార్చే పని వాళ్లది. ముందే మనం మార్చి వేస్తే రెండుసార్లు తగ్గిపోతుంది. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షల ద్వారా వచ్చిన క్రెడిట్లకి గ్రేడు ఉండదు, జీపీఏలో కలవవు. అయినా ఎక్కించాలి.

టీఎమ్‌డీసాస్‌కి ఒక ప్రత్యేక గుణం ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. టెక్సాస్ నివాసులకి అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ అని ఒక చట్టం ఉంది. దాని కింద పదేళ్ల క్రితం, లేదా అంతకంటే ముందు చేసిన కోర్సుల్ని పక్కన పెట్టమని కోరవచ్చు. పద్దెనిమిదేళ్లప్పుడు చదువు గాలికొదిలేసి, ముప్పై దాటాక డాక్టర్ కావాలని మళ్లీ కూర్చున్నవాళ్లకి ఇది వరం. కానీ పాత కోర్సులు పక్కన పెట్టడమంటే మంచి గ్రేడ్లూ వాటితోపాటే పోతాయి. ఆమ్‌కాస్ దీన్ని గుర్తించదు, పాతవీ కొత్తవీ అన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఇలాంటి చరిత్ర ఉన్నవాళ్లు టీఎమ్‌డీసాస్ మీదే ముందు దృష్టి పెట్టడం మేలు. వేరే రాష్ట్రంలో ఉండి టెక్సాస్‌కి అప్లై చేసేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు బయటివారిని పది శాతం మించి తీసుకోకూడదు. ఎన్ని కాలేజీలకి పెట్టినా ఒకే ఫీజు కదా అని ఉబలాటపడితే ఫీజు కలిసొస్తుందేమో గానీ, సీటు కలిసొస్తుందని చెప్పలేను.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డిగ్రీ చేసి ఇక్కడికి వచ్చి, ఇప్పుడు మెడిసిన్ వైపు చూస్తున్న వదినలూ మరదళ్లూ నన్ను అడిగేది ఒకటే, ఆ మార్కులు ఎక్కడ ఎక్కించాలని. ఆమ్‌కాస్‌లో చదివిన కాలేజీల జాబితాలో ఆ కాలేజీ పేరు చూపించాలి. కానీ అక్కడి కోర్సుల్ని ఏదైనా అమెరికా కాలేజీ తన క్రెడిట్లుగా అంగీకరించి ఉంటే తప్ప ఒక్కొక్కటిగా ఎక్కించనవసరం లేదు, ఆ గ్రేడ్లు ఆమ్‌కాస్ జీపీఏలోకి రావు. మన 72 శాతాన్ని ఏ గ్రేడుగా మార్చాలా అని రాత్రంతా కూర్చుని తల బద్దలుకొట్టుకోకండి. దానికి బదులు ఇక్కడ కావలసిన సైన్స్ కోర్సులు ఏ కాలేజీలో, ఏ సెమిస్టర్‌లో పూర్తి చేయగలరో చూసుకోండి. అడ్మిషన్లు చూసే కమిటీకి కనిపించే గ్రేడ్లు అవే.

తమ్ముడి ఎక్సెల్ షీట్ ఇప్పుడు మా బాబాయి కూతురి దగ్గరుంది. వాడు అందులో ఒక కాలమ్ కొత్తగా చేర్చి పంపాడు. దాని తలకట్టు "పార్కింగ్".